గౌను అంచులో మూడు మడతలు

విమానం గాల్లోకి లేచి నలభై నిమిషాలైనా కాలేదు, గుండుగాడు సీటుబెల్టు నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు. వాడికి మూడేళ్ళు. ప్రయాణం ఇంకా పదకొండు గంటల పైనే ఉంది. వాడి పిన్ని మనసులో లెక్క వేసుకుని, ఆ లెక్కకు తనే హడలిపోయింది.

ఆమె దర్జీ. వీధిలో అందరికీ టైలరమ్మ. రెండేళ్ళ క్రితం అక్క పోయిన రోజున పిల్లలిద్దర్నీ మిషను పక్కకు తెచ్చుకుంది. గుండుగాడు బట్టముక్కల బుట్టలో నిద్రపోయాడు, వాడి అక్క పిట్ట మిషను కింద కూర్చుని ఎదిగింది. పిట్టకు ఇప్పుడు ఏడేళ్ళు. కొలత సరిచూడ్డానికి వదులుగా వేసే కచ్చాకుట్లు ఉంటాయే, ఆ దారాలు లాగేయడం దాని ఉద్యోగం. గుడ్డకు చిన్న గీటు కూడా పడకుండా లాగేది. పనిమంతురాలు.

సముద్రం అవతల ఓడరేవులో క్రేను నడిపే బావకు, అంటే పిల్లల నాన్నకు, ఇన్నాళ్ళకు ఇల్లూ కాగితాలూ కుదిరాయి. పిల్లల్ని తీసుకురమ్మన్నాడు. పిల్లల వీసా కాగితాల మీద కాలపరిమితి లేదు. పిన్ని కాగితం మీద మాత్రం ఏడు రోజులని రాసి ఉంది.

ఈ ఏడు రోజుల సంగతి పిట్టకు తెలీదు. నెల క్రితం అది అన్నం ముట్టకుండా, "నువ్వు కూడా మాతోపాటు అక్కడే ఉంటావు కదా పిన్నీ?" అని అడిగితే, ఈ మహాతల్లి "ఆఁ, ఉండక?" అనేసింది. ఆ పూటకు పిల్ల అన్నం తింది. అబద్ధం మాత్రం ఈమె గొంతులోనే ఉండిపోయింది, మింగలేదు, కక్కలేదు. ఇవాళ చెప్పి తీరాలి. చెప్పకుండా విమానం దిగితే, ఏడో రోజు పొద్దున్న ఆ పిల్ల సర్ది ఉన్న పిన్ని పెట్టె చూస్తుంది. కన్నతల్లి ఎలాగూ చెప్పకుండానే పోయింది. పిన్ని కూడా అదే పని చేస్తే, ఇక ఆ పిల్ల ఎవరి మాట నమ్ముతుంది? గుండుగాడు పడుకోగానే చెప్పేయాలని ఒట్టు పెట్టుకుంది.

వాడు పడుకుంటే కదా!

సంచీలో పన్నెండు పొట్లాలు కట్టి తెచ్చింది, గంటకొకటి విప్పొచ్చని. మిషను ముందు కూర్చున్నవాళ్ళకు అన్నీ లెక్క ప్రకారం జరుగుతాయన్న భ్రమ ఉంటుంది. గుండుగాడు మొదటి గంటలోనే ఏడు విప్పాడు. రంగు పెన్సిళ్ళు సీట్ల కిందికి దొర్లిపోయాయి. గుడ్డ ఏనుగు చెవి ఊడింది. కుడదామంటే సూది లేదు. సూదులూ కత్తెరా తనిఖీలోనే తీసేసుకున్నారు. అయినా ఆమె చెయ్యి భుజం మీదికి వెళ్ళింది, ఇరవై ఏళ్ళుగా సూది గుచ్చుకునే చోటికి. అక్కడ ఏమీ లేదు.

రెండో గంటలో కొలత టేపు తీసింది. ముక్కు కొలిచారు, చెవి కొలిచారు, ముందు సీటాయన బట్టతల వెనకనుంచి కొలిచారు. ఆయన తిరిగి చూసేసరికి ముగ్గురూ దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నారు. పిట్ట నవ్వింది.

నాలుగో గంటకు టేపు కూడా పాతబడిపోయింది. వాడు ఏడుపు అందుకున్నాడు. అదేం మామూలు ఏడుపు? వీపు విల్లులా వంచి, కాళ్ళు తన్ని, ఊపిరి బిగబట్టి ఏడ్చాడు. ఎత్తుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది, మళ్ళీ నడిచింది. "పిల్లల్ని పెంచడం చేతకానివాళ్ళకు విమానాలెందుకో" అని ఎవరో గొణిగారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో! ఇంకోసారైతే కడిగేసేదే. ఇప్పుడు ఓపిక లేదు. మరుగుదొడ్లో దూరి తలుపు వేసుకుని, వాడితోపాటు తనూ ఏడ్చింది. కిందికి దూకి పారిపోవడానికి కూడా వీల్లేని చోటు కదా అనుకుంది. ఇల్లయితే వీధిలోకి తీసుకెళ్ళి కుక్కపిల్లనైనా చూపించేది.

తిరిగి వచ్చేసరికి పిట్ట బల్ల మీద మిగిలిన ఐదు పొట్లాలూ వరసగా పేర్చి కూర్చుంది.

"నేనాడిస్తా ఇటియ్యి పిన్నీ. నువ్వు కాసేపు కళ్ళు మూసుకో."

"నువ్వు పడుకోరాదూ తల్లీ?"

"నాకు రాదు నిద్ర. వీడికి నీ చేతులైతేనే నిద్దరొస్తుంది. అక్కడ కూడా నువ్వే జోకొట్టాలి, నాన్నకి చేతకాదు."

ఇదే సమయం, చెప్పు, అని లోపల్నుంచి ఎవరో పొడుస్తున్నారు. నోరు తెరిచింది. గుండుగాడు పళ్ళరసం గ్లాసును తన్నాడు. పిట్ట గౌనంతా ఎర్రగా తడిసిపోయింది. నిజం చెప్పాలంటే పిన్నికి ఊరటగా అనిపించింది. ఆ ఊరటకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సంచీలోంచి కొత్త గౌను తీసిచ్చింది. నీలం రంగుది. ఈ నెలరోజుల్లో రాత్రీపగలూ కూర్చుని కుట్టిన తొమ్మిదింట్లో ఒకటి.

పదకొండో గంట దాటాక వాడు ఉన్నట్టుండి మాట మధ్యలో నిద్రపోయాడు. కిటికీలోంచి ఎండ వాడి గుండు మీద పడుతోంది. ఆమె తెర దించింది. ఇక సాకు లేదు.

"పిట్టా..."

పిట్ట తను వేసుకున్న గౌను అంచును ఒళ్ళోకి తిరగేసి వేళ్ళతో తడుముతోంది. ఎవరికైనా అంచు అంటే అంచే. మిషను కింద పెరిగిన పిల్లకు అలా కాదు. పిన్ని దగ్గర పిల్లల గౌనుకు లోపల ఎప్పుడూ ఒకే మడత ఉంటుంది. ఏడాది తిరిగి మోకాలు బయటపడితే ఆమే దాన్ని విప్పి, కొత్త అంచు కుడుతుంది.

"ఇందులో మూడున్నాయి."

పిన్ని గుండుగాడి తల సర్దింది.

"మూడు మడతలంటే మూడేళ్ళు. కచ్చాకుట్లే వేశావు." పిల్ల తలెత్తి చూసింది. "నువ్వుంటే ఒకటి చాలుగా? మిగతావి ఎవరు లాగడానికి?"

బావ చేతులకు క్రేను తెలుసుగానీ సూది తెలీదు. ఆయన లాగినా ఊడొచ్చేలా వదులుగా కుట్టింది. ఎంత తెలివైన పని చేశాననుకుందో! ఇంట్లోనే ఒక దర్జీని పెంచానన్న సంగతి మరిచిపోయింది.

"ఏడు రోజులేనమ్మా," అంది. "నా కాగితం ఏడు రోజులకే. నీకు అబద్ధం చెప్పాను. నువ్వు అన్నం తినలేదని భయపడ్డాను. ఎన్నిసార్లు చెబుదామనుకున్నానో..."

పిట్ట ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. తలొంచుకుని, ముడి దగ్గర గోరు పెట్టి, పళ్ళతో కొరికి, దారం లాగింది. మొదటి మడత విడిపోయింది. పిన్ని చూస్తూ ఉండిపోయింది. ఆ పిల్ల చేతులు ఎంత చక్కగా పనిచేస్తున్నాయో ఆ క్షణంలో కూడా చూసింది. రెండోది. విమానం దిగుతోందని ఎవరో చెప్పారు. మూడోది.

"బెల్టు పెట్టుకో తల్లీ."

పిట్ట లేచి నిలబడింది. నీలం గౌను పాదాల మీదికి దిగి నేలకు రాసుకుంటోంది.

"చూడు, పొడుగైపోయింది. నడిస్తే పడిపోతా. ఇప్పుడు నువ్వు కుట్టాలి. తొమ్మిదీ లాగేస్తా. తొమ్మిదీ నువ్వే కుట్టాలి." అప్పుడు వచ్చింది ఏడుపు. "రోజుకొకటే కుట్టు పిన్నీ. రోజుకొకటే."

రోజుకొకటి కుట్టినా ఏడే అవుతాయి. ఆ లెక్క పిట్టకూ వచ్చు. చెయ్యి మళ్ళీ భుజం మీదికి వెళ్ళింది. సూది లేదు.

గుండుగాణ్ణి భుజాన వేసుకుని, మరో చేత్తో గౌను అంచు పైకి పట్టుకుని పిల్లను బయటికి నడిపించింది. బావ గుంపులోంచి పరుగున వచ్చాడు. కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, దాని మొహం చూసి ఏమనాలో తెలియక, గౌను వైపు చూశాడు.

"ఏమ్మా, నువ్వు కూడా కొలత తప్పావా?" అన్నాడు మరదలితో, నవ్వించబోతూ.

ఇరవై ఏళ్ళలో ఆమెను ఆ మాట అన్నవాళ్ళు లేరు.

"తప్పాను బావా," అంది.

పిట్ట నాన్న దగ్గరికి వెళ్ళింది. వెళ్ళే ముందు, గుప్పిట్లో ఉన్న కచ్చాదారాల ఉండను పిన్ని చేతిలో పెట్టి, ఆ చేతి వేళ్ళు తనే మూసింది.