జమ కాని శనివారం

నాకు ముక్కు మీద కోపం అని మా ఇంట్లో అందరూ అంటారు. క్యాష్ కౌంటర్ వెనక కూర్చునే మనిషికి అది ఉండకూడదట. ఉంది, ఏం చేయను. మాది రైతుల సంఘం. విత్తనాలు, ఎరువులు అమ్ముతాం. అనంతపురంలో పెద్దాఫీసు, యాడికిలో, బెళుగుప్పలో, విడపనకల్లులో కౌంటర్లు. విడపనకల్లు కౌంటర్లో నేనుంటాను. నా కిటికీ పక్కనే గోదాము. వాన పడిన మర్నాడు నేను తాళం తీసేసరికే రైతులు గడప మీద కూర్చుని ఉంటారు. వాన పడకపోతే ఈగలూ నేనూ ఉంటాం.

ఈ సంగతి జరిగిన ఏడే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. అంతకుముందు ఏ కౌంటర్లో డబ్బు కడితే అక్కడే సరుకు తీసుకోవాలి. కొత్తది వచ్చాక ఒకచోట కట్టి ఇంకోచోట తీసుకోవచ్చన్నారు. వినడానికి బాగానే ఉంది. రైతు వేలిముద్ర పెట్టి, రసీదు తీసుకోగానే అతని కోటా బస్తాలు అతని పేరు మీద ఖాయమైనట్టు అన్ని ఆఫీసుల్లోనూ కనబడుతుంది. కానీ ఆ డబ్బు జమ అయినట్టు మాత్రం అప్పుడే కనబడదు. సాయంత్రం కౌంటర్ మూసేటప్పుడు క్యాషియర్ పెట్టెలో ఉన్న నోట్లూ చిల్లరా లెక్కపెట్టి ఆ మొత్తాన్ని కంప్యూటర్లో కొట్టాలి. రసీదుల మొత్తమూ పెట్టెలో మొత్తమూ ఒకటైతే, ఆ రోజు వసూళ్ళన్నీ ఒక మూటగా పెద్దాఫీసుకు పోతాయి. తెల్లారేసరికి అన్ని కౌంటర్లలో జమ చూపిస్తుంది. తేడా వస్తే మూట అక్కడే ఆగిపోతుంది. పెద్దాఫీసులో వాళ్ళు చూసి, ఒప్పుకుని, వదిలిపెట్టాలి. ఒకప్పుడు ఒక కౌంటర్లో ఎవరో చేతివాటం చూపించారు కాబట్టి ఇంత గట్టిగా బిగించారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

ఆరుద్ర కార్తెలో ఒక శుక్రవారం రాత్రి మంచి వాన పడింది. మా వైపు అలాంటి వాన పడితే జనం పలకరింపులు కూడా మారిపోతాయి. బాగున్నావా అని అడగరు, పదునైందా అని అడుగుతారు, అంటే నేల విత్తడానికి సరిపడా తడిసిందా అని. ఎర్ర నేల, పైగా ఆ నెలల్లో పడమటి గాలి రాత్రీ పగలూ కొడుతూనే ఉంటుంది. బెళుగుప్ప దారిలో గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. తడిసిన నేల రెండు మూడు రోజుల్లో ఆరిపోతుంది. ఆలోగా వేరుశనగ విత్తనం భూమిలో పడాలి. పడకపోతే మళ్ళీ వాన కోసం ఆకాశం చూడాలి. ఆ వాన ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు.

విత్తే రోజుల్లో ఆదివారం పెద్దాఫీసుకే సెలవు, కౌంటర్లకు లేదు. ఆ ఆదివారం పొద్దున ఒకామె నా కిటికీ ముందుకు వచ్చింది. నలభై దాటి ఉంటాయి. మెడలో నల్ల దారానికి చిన్న సిలువ. బయట ట్రాలీ ఆటో ఆగి ఉంది.

"ఇత్తనాలు ఇయ్యమ్మా. దుడ్లు నిన్ననే కట్టినా" అంది.

"యాడ కట్టినావక్కా?"

"బెళుగుప్పలో. ఆడ శెనక్కాయలు అయిపోయినాయంట. విడపనకల్లులో ఉండాయి, ఆడికి పో అన్యాడు ఆయప్ప. ఇదో రసీదు."

రసీదు నంబర్ కొట్టాను. ఆమె బస్తాలు ఆమె పేరు మీదే ఉన్నాయి. దాని కిందనే 'సొమ్ము జమ కాలేదు' అని ఎర్రగా ఉంది. జమ కాకపోతే గోదాము స్లిప్పు రాదు. స్లిప్పు లేకుండా ఒక్క బస్తా కూడా గడప దాటదు. గోదాము చూసే అన్నను బతిమాలాను, పూచీ నాది, రాసిస్తాను అన్నాను. ఒకసారి బస్తాలు తగ్గాయని ఆయన జీతంలో కోసుకున్నారు, ఆ దెబ్బ ఆయనకింకా తగ్గలేదు. "నువ్వు రాసిచ్చేది నాకు తిండి పెడతాదా పాపా" అన్నాడు. పోనీ ఇక్కడ మళ్ళీ కొత్తగా కట్టించుకుందామంటే కంప్యూటర్ ఒప్పుకోదు. ఆమె కోటా నిన్ననే అయిపోయిందట. కొన్నట్టేనట, డబ్బు మాత్రం రాలేదట. ఒకే తెర మీద రెండు మాటలు. తల పట్టుకున్నాను.

"ఇంగా ఎంతసేపు పడతాదమ్మా?" అంది ఆమె. "రేప్పొద్దున ఇత్తేదానికి ట్రాక్టరు గొర్రుకు చెప్పినా. ఆయప్ప మా చేను అయినంక ఇంగో ఊరికి పోవాల. నేను ఎప్పుడూ కూలికి పోయేదాన్నే. ఈ ఏడే గుత్తకు చేను పట్టినా."

గుత్త అంటే కౌలు. పంట వచ్చినా రాకపోయినా డబ్బు ముందే చేను యజమాని చేతిలో పోయాలి. పోసేసింది. ఆదివారం ప్రార్థనకు కూడా పోలేదని చెప్పి, తప్పు చేసిన దానిలా కొంగు సర్దుకుంది.

బెళుగుప్ప క్యాషియర్‌కు ఫోన్ చేశాను. వయసులో పెద్దాయన, నేను పెద్దన్నా అని పిలుస్తాను. ఆయన మీద ఎవరూ ఇంతవరకూ వేలెత్తి చూపలేదు.

"పెద్దన్నా, నీ శనివారం మూట ఎందుకు నిలబడింది?"

"రూపాయి ఎచ్చు వచ్చిందమ్మా."

"ఎట్ల వచ్చింది?"

"వచ్చేదేముండాది, అది నాదే. పసుపు పూసి పెట్టెలో అడుగున పెట్టిండేది. మా నాయన అంగట్లో కూడా అట్లే. పొద్దుగూకినంక గల్లాపెట్టె ఖాళీగా ఉండకూడదు గదమ్మా."

నాకేమీ కొత్త కాదు. మా వైపు ఏ అంగట్లో చూసినా గల్లాపెట్టెను రాత్రిపూట ఉత్తగా పెట్టరు. ఒక నాణెం ఉంచుతారు, ఇంటి బియ్యం డబ్బాలో నాలుగు గింజలు వదిలినట్టు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చేదాకా ఆ రూపాయి ఎవరి కంటా పడలేదు.

"నీ రూపాయే కదా, లెక్కలో ఎందుకు చూపించావు మరి?"

"పెట్టెలో ఉండే ప్రతి పైసా చూపీమని ట్రైనింగులో జెప్పినారు. ఉన్నదాన్ని లేదని ఎట్ల కొడతా?"

"లెక్కపెట్టేటప్పుడు బయటికి తీసి జేబులో వేసుకోవచ్చు కదన్నా."

"సందేళ పెట్టె బోసిగా పెట్టమంటావా? ఆ పని నాతో కాదమ్మా."

నాకు అరవాలనిపించింది. ఎవరి మీద అరవను? ఆయన అబద్ధం చెప్పలేదు, దొంగతనం చేయలేదు. పెట్టె ఖాళీ చేయలేడు, ఉన్నది దాచలేడు. రోజూ ఆయన మూట ఆ ఒక్క రూపాయి దగ్గర ఆగేది. పెద్దాఫీసులో ఒకమ్మాయి పొద్దున్నే చూసి నవ్వుకుని వదిలిపెట్టేది. వానలు లేని రోజుల్లో శనివారం మూట సోమవారం దాకా ఆగినా ఎవరికీ తెలిసేది కాదు, అడిగేవాళ్ళు లేరు కాబట్టి. ఇప్పుడు ఆ అమ్మాయి కాన్పుకు పుట్టింటికి పోయింది. ఆమె పని అకౌంట్స్ ఆఫీసరే చూసుకుంటున్నాడు.

ఆయనకు చేశాను. "ఆదివారం కూడా ఏందమ్మా. సిస్టమ్ ఆఫీసులో ఉంటుంది, నేను ఇంట్లో ఉన్నాను. రేపు చూస్తా" అని పెట్టేశాడు.

కిటికీ దగ్గరున్న ఆ అక్కతో ఆ మాటే చెప్పాను. ఆటో అతను సగం బాడుగ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆమె ఆఖరి బస్సు దాకా గోదాము మెట్ల మీదే కూర్చుంది. ఇంటికి పోక్కా అంటే, ఒకవేళ ఈ పొద్దే దుడ్లు జమ పడితే, అంది.

సోమవారం నేను తాళం తీసేసరికి ఆమె అక్కడే ఉంది. తొమ్మిదిన్నర నుంచి అకౌంట్స్ ఆయనకు ఫోన్ చేయడం మొదలుపెట్టాను. ఆయన సిస్టమ్ తెరిచాడు, చూశాడు. రూపాయి ఎక్కువ. వెనక్కి తిరగేశాడు. ముందురోజూ రూపాయి ఎక్కువ, అంతకుముందూ రూపాయే. ఆయనకు అనుమానం పట్టుకుంది. "రోజూ సరిగ్గా రూపాయే ఎట్లా ఎక్కువవుతుందమ్మా? ఇందులో ఏదో ఉంది" అన్నాడు. ఏమీ లేదు సార్, పసుపు పూసిన రూపాయి సార్ అన్నాను. వినలేదు. బెళుగుప్ప నుంచి సంజాయిషీ రాసి పంపాలన్నాడు. పెద్దన్న రాసి, ఫోటో తీసి పంపాడు. ఫోటో చెల్లదు, సంతకం పెట్టిన కాగితమే రావాలన్నాడు. పెద్దన్న ఆ కాగితాన్ని అనంతపురం బస్సు కండక్టర్ చేతిలో పెట్టాడు. సార్, ఇక్కడ ఒకామె పదును పోతోందని కూర్చుని ఉంది, ఆ ఒక్క రసీదైనా వదలండి అని అడిగాను. మూటలోంచి ఒక్క రసీదును విడిగా తీయడం కుదరదట. తీస్తే అన్నీ తీయాలి, లేకపోతే ఏదీ లేదు. నేను చెప్పింది గోడకు చెప్పినట్టే అయింది.

ఆమె చెల్లెలు చేను గట్టు మీద ఉంది. ఆమె గంటకోసారి చెల్లెలికి ఫోన్ చేసేది. నేను గంటకోసారి రసీదు నంబర్ కొట్టేదాన్ని. ఆమె ఫోన్ పెట్టేసి కిటికీ దగ్గరకు వచ్చేది.

"పైన ఎండిందంట. ఏలు పెడితే లోపల ఇంగా సల్లగానే ఉండాదంట" అని పొద్దున చెప్పింది.

మధ్యాహ్నం, "ట్రాక్టరాయప్ప వచ్చి పోయినాడంట. ఇత్తనాలు లేకుండా గొర్రు తోలి ఏం జేయాల అన్యాడంట" అంది.

సాయంత్రం ఆమె కిటికీ దగ్గరకు రాలేదు. నేనే బయటికి వెళ్ళాను. దుమ్ము కళ్ళల్లో పడుతోంది, గాలి అంతగా ఉంది. ఏమక్కా అన్నాను. మన్ను పిడికిట పడితే ముద్ద కట్టడం లేదంట అంది. మా నాయనా సేద్యగాడే. ముద్ద కట్టని మట్టిలో విత్తినా మొలవదని నాకు వేరే చెప్పనక్కర్లేదు. ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడిస్తే బాగుండదని లోపలికి వచ్చేశాను. ఆ అకౌంట్స్ ఆయన్ను మనసులో తిట్టిన తిట్లు రాయలేను.

మంగళవారం మధ్యాహ్నం మూట కదిలింది. ఎర్ర అక్షరాలు పోయి పచ్చగా 'జమ అయినది' అని వచ్చింది. నేనే ఫోన్ చేసి పిలిచాను. వచ్చింది, వేలిముద్ర పెట్టింది, బస్తాలు ఎక్కించుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. పెద్దన్నకు మెమో ఇచ్చారు. ఆయన ఆ మెమో మీద కూడా ఉన్నదున్నట్టే రాసి సంతకం పెట్టాడట.

ఆ నెల మళ్ళీ వాన లేదు. మరుసటి నెల నడిమిలో నాలుగు చినుకులు పడి పోయాయి. బెళుగుప్పలో ఏదో మీటింగ్ ఉంటే బస్సులో పోతున్నాను, దారిలో వాళ్ళ ఊరి స్టాప్ వచ్చింది. మీటింగ్‌కు ఆలస్యమవుతుందని తెలిసీ దిగాను. ఎందుకు దిగానో నాకే సరిగా తెలియదు. ఆమె చేను ఏదని అడిగితే, ఒక ముసలాయన చెయ్యెత్తి చూపించాడు. చూపించకపోయినా తెలిసేది. చుట్టూ చేలన్నీ ఆ శనివారం, ఆదివారం విత్తినవి, చీలమండ దాకా పచ్చగా లేచి ఉన్నాయి. మధ్యలో ఒక్క చేను ఎర్రగా ఉంది. ఎండు మట్టిలోనే విత్తించిందట. అక్కడొకటి ఇక్కడొకటి మొలిచాయి, అంతే. తక్కినవి చీమలు తిన్నాయో, మురిగాయో.

ఆమె తన చేనులో లేదు. పక్క చేనులో నలుగురు ఆడవాళ్ళతో కలిసి కలుపు తీస్తోంది, కూలికి. నన్ను చూసి గుర్తుపట్టి, చేతికి అంటిన మట్టి దులుపుకుంటూ గట్టు దగ్గరకు వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే పడదామనే దిగాననుకుంటాను.

"ఎండలో వచ్చినావే, నీళ్ళు తాగుతావా?" అని తన సీసా ఇచ్చింది. తాగాను.

"అక్కా, ఆ పొద్దు…" అన్నాను.

"నువ్వేం జేస్తావు లేమ్మా. నువ్వు ఫోన్లు జేస్తాంటే నేను చూడలేదా." సీసా వెనక్కి తీసుకుంది. తర్వాత అడిగింది, "ఇంగో వాన వస్తే ఉలవలన్నా చల్లుదామని ఉండాదమ్మా. మీ కాడ ఉలవలు దొరుకుతాయి గదా. ఈసారి దుడ్లు యాడ కడితే ఆ పొద్దే ఇస్తారు?"

ఏ కౌంటర్లో కట్టినా ఒకటే అని మా సంఘం నాకు నేర్పిన జవాబు ఒకటుంది. అది నోటిదాకా రాలేదు.

"బస్తాలు నీ కంటికి కనబడతాండే చోట కట్టక్కా. వేరే యాడా కట్టొద్దు. ఎవరు చెప్పినా వినొద్దు" అన్నాను.

సరేనని తలూపింది. అటునుంచి ఆ చేను ఆసామి, "ఎవరమ్మా అది, పని ఆగిపోయింది" అని కేకేశాడు. ఆమె సీసా మూత బిగించి, కొంగు నడుముకు దోపి, తను వదిలిన సాలు దగ్గరకు వెళ్ళి కూర్చుంది.