మొదటి ఆయిల్ మారేదాకా

ఇది ఒక మహాకావ్యం. ఇందులో ఒక రథం ఉంది, దాన్ని ఎవరూ ముట్టకూడదన్న శాసనం ఉంది, ఆ శాసనానికి ఎదురు నిలిచిన స్త్రీ ఉంది, ఏడాది నిరీక్షణ ఉంది, చివర్లో ధార కట్టిన నల్లటి ద్రవం కూడా ఉంది. ఇంత ఊరించాక నిజం ఒప్పుకోవడం మర్యాద. రథం అంటే తెల్లటి చిన్న కారు, నల్లటి ద్రవం అంటే ఇంజన్ ఆయిల్. మొన్న వనపర్తిలో నా కొత్త కారును ఏడాది సర్వీసుకు ఇచ్చి అద్దాల గదిలో కూర్చుంటే, తలుపు తెరుచుకున్నప్పుడల్లా కాలిన నూనె వాసన, వేడెక్కిన రబ్బరు వాసన కలిసి లోపలికి వచ్చి, నన్ను అయిజ దారిలోని మా ఊరికి మోసుకుపోయి, మా ఇంటి ముందున్న రేకుల పందిరి కింద దించాయి. టికెట్ కూడా అడగలేదు.

టికెట్లు అడగడం మా నాయిన పని. ఆయన బస్సు కండక్టర్. ఇరవై ఏళ్లు డ్రైవర్ వెనకాల నిలబడి ప్రయాణం చేసిన మనిషి కనుక, ఇంజన్ గురించి ఆయనకు తెలిసిందంతా ఇంజన్ చప్పుడులో సగం వినిపించి సగం వినిపించని మాటలే. నేను ఐదో తరగతిలో ఉండగా శ్రావణంలో కారు కొన్నారు. ఆ వారమే ఆయన బస్సు నడిపే మహబూబ్ మామ "కొత్త ఇంజనంటే బాలింత లెక్క అన్నా, మొదటి ఆయిల్ మారేదాంక జర పైలం" అన్నాడట. మామ ఆ మాట అని టీ తాగి మరిచిపోయాడు. నాయిన మరిచిపోలేదు.

మా ఇళ్లల్లో బాలింతకు చెవుల చుట్టూ గుడ్డ కడతారు, చల్లగాలి తగలనివ్వరు, పొద్దు వాలితే గడప దాటనివ్వరు. మా కారుకూ అన్నీ జరిగాయి. అవ్వ, అంటే నాయిన తల్లి, పాత చీరలు కలిపి కుట్టిన బొంత దాని మీద కప్పింది. చినుకు పడితే బయటికి తీయలేదు, సందెవేళ దిష్టి అని తీయలేదు, అమావాస్య అని తీయలేదు, ఎండలో పెయింట్ పోతుందని తీయలేదు. మిగిలిన శుభఘడియల్లో నాయిన ఒక్కడే, ఆదివారం పూట, గద్వాల దారిలో కొంత దూరం పోయి వచ్చేవాడు. బొంత కింద ముందు చక్రం వెనకాల ఒక కోడి గుడ్లు పెట్టి పిల్లలను కూడా లేపింది. కారు కలిసొచ్చిందనడానికి నాయిన చూపించిన మొదటి రుజువు అదే.

అమ్మకు కోడిపిల్లలు చాల్లేదు. ఆమెకు ఆ కారు నేర్చుకోవాలని ఉండేది. షికారుకు కాదు. మాది విత్తనపత్తి సేద్యం. ఆడ పూలుగా ఉంచే వరుసల్లో సాయంత్రం మొగ్గల లోపలి కేసరాలు గోటితో తీసి గుర్తు కట్టి పెడితే, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. దాన్నే క్రాసింగ్ అంటారు. ఎండ ఎక్కితే పూలు ముడుచుకుంటాయి, ఆ పూలకు ఇక రెండో రోజు లేదు. చేను ఊరికి ఆరు కిలోమీటర్లు. ఆటో నిండితే గానీ కదలదు, అది నిండేది మా పూలను అడిగి కాదు. మంచు తడి ఆరకముందే చేనులో ఉండాల్సిన అమ్మ, ఊరి చివర సద్దిమూట ఒళ్లో పెట్టుకుని తొమ్మిదింటిదాకా కూర్చున్న రోజులు నాకు గుర్తున్నాయి. అలాంటి రోజుల సాయంత్రాలు ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు, ఒక్క నాయినతో తప్ప.

"నేను నేర్చుకుంట. పొద్దుగాల్నే నేనే పోత చేనుకు."

"నేర్చుకుందువు తియ్యి. వెయ్యి కిలోమీటర్లు తిరిగి మొదటి ఆయిల్ మారనియ్యి. అందాంక ఒక్క చెయ్యే పడాలె. చేతులు మారితె ఇంజన్ ఆగమైతది."

"ఈ వేళ్లతోని దినాం ఎన్ని పూలు పట్టుకుంటున్ననో తెల్వదా నీకు? ఒక్కటన్న ఇరిగిందా? నీ ఇంజన్ పువ్వు కంటె సుకుమారమా?"

నాయిన కారు మీది బొంత కొస సర్దుతూ, "పువ్వుకు గేర్లుండయ్ గదనే" అన్నాడు. వాదనలో గెలిచాననే అనుకున్నాడు.

అప్పటి నుంచి అమ్మ కిలోమీటర్ల వేటలో పడింది. పాన్‌గల్‌లో ఉన్న చిన్నమ్మ మీద ఆమెకు ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది, ఎందుకంటే మా చుట్టాల ఊళ్లన్నిటిలో ఆమె ఊరే దూరం. అవ్వ కూడా కోడలి పక్షం చేరి మోకాలి నొప్పి తెచ్చుకుంది. "దవాఖానకు కారుల తీస్కపోరా కొడుకా, బస్సెక్కలేను" అని మూలిగింది. నాయిన ఆమెను ఎత్తుకుని మరీ బస్సెక్కించాడు. "బస్సుల పాసుంది గదా అమ్మా!" దసరాకు కారుకు బంతిపూల దండలు వేసి, గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అమ్మ నెయ్యి కారేలా బచ్చాలు, అంటే బొబ్బట్లు, చేసి, రెండు ఎక్కువే పెట్టి, జమ్మి ఆకు చేతిలో పెట్టి, ఇట్లే అయిజ దాకా పోయొద్దామంది. నాయిన బచ్చాలు తిని, కారును నిమ్మకాయలు నలిగేంత ముందుకు తీసి, మళ్లీ పందిట్లోకి వెనక్కి పెట్టాడు. సీట్ల మీది ప్లాస్టిక్ కాగితం తీయలేదు. బడి లేని మధ్యాహ్నాలు నేను ఆ బొంత కింద దూరి, మీటరు మీది అంకె అద్దంలోంచి చూసి వచ్చి అమ్మకు చెప్పేదాన్ని. పదకొండు నెలలు దాటాక కూడా అది ఆరు వందల నలభై రెండు.

ఆషాఢం చివర్లో, ఇంకో మూడు వారాల్లో క్రాసింగ్ మళ్లీ మొదలవుతుందనగా, అమ్మ దేవుడి గూడు కడిగింది. అందులో పటాల వెనకాల కారు పుస్తకం ఉంది. కొన్న రోజున పూజారి దానికి పసుపు కుంకుమ పెట్టి చేతికిస్తే, అవ్వ పసుపు గుడ్డలో చుట్టి గూట్లో పెట్టింది. ప్రతి శుక్రవారం దానికీ బొట్టు పడేది. ఏడాదిగా ఇంటిల్లిపాదీ దానికి దండం పెట్టాం, ఒక్కరమూ తెరవలేదు. అమ్మ ఇంటర్ దాకా చదివింది. గడపలో కూర్చుని అతుక్కుపోయిన కాగితాలు విడదీసి, ఇంగ్లీషు మాటల కింద వేలు పెట్టి మెల్లగా చదవసాగింది. నాయిన, ఆ రోజు మా ఇంటికొచ్చిన మహబూబ్ మామ, అరుగు మీద టీ తాగుతున్నారు.

"ఇంజన్ ఆయిల్ మార్చుట... పది వేల కిలోమీటర్లు."

వెయ్యి కాదు, పది వేలు. నేను అక్కడికక్కడే లెక్క వేసి, మన వేగంతో పదిహేనేళ్లు పడుతుందని ప్రకటించాను. ఆ వయసులో లెక్కలు రావడం మంచిది కాదు. అమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అగరుబత్తి పొగ అని తర్వాత చెప్పింది గానీ, ఆ రోజు అగరుబత్తి ఇంకా వెలిగించలేదు. అయినా పుస్తకం మూయకుండా, ఆ పక్కనే గట్టిపడిన కుంకుమ మరకను మొగ్గ ఒలిచినంత నెమ్మదిగా గోటితో గీరింది. కింద ఇంకో ముక్క ఉంది.

"లేదా ఒక సంవత్సరం. ఏది ముందైతే అది."

మామ టీ గ్లాసు పక్కన పెట్టి నవ్వాడు. "అన్నా, నేను చెప్పింది నా పాత లారీ దినాల ముచ్చట. ఈ బండ్లకు గదేం లేదు."

"కదలకుండ నిలబెట్టినా ఆయిల్ కరాబైతదా?" నాయిన టీ గ్లాసుతోనే లేచి నిలబడ్డాడు.

"జర జర తిప్పి నిలబెడితెనే జల్ది కరాబైతది. నువ్వు బండిని కాపాడుతలేవన్నా, పస్తు పెడుతున్నవ్."

"సంవత్సరం ఎప్పటికైతది?" అని నాయిన అడిగాడు.

"వచ్చే శుక్రారానికి," అంది అమ్మ. ఆ జవాబుకు ఆమె పుస్తకం చూడలేదు.

నాయిన మొండివాడే గానీ మాట తప్పేవాడు కాదు. శుక్రవారం అందరం గద్వాల పోయాం. రేకుల షెడ్డులో మెకానిక్ కింద దూరి బోల్టు విప్పితే, ఏడాది పథ్యం చేసిన ఆయిల్ నల్లగా, చిక్కగా డబ్బాలోకి దిగింది. నాయిన అందులో వేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూసి, ప్యాంటుకు తుడుచుకున్నాడు. తలుపుల చెద మందుకని అవ్వ దాన్ని సీసాలో పట్టించుకుంది. తేనె రంగు కొత్త ఆయిల్ పోశారు. తిరుగుదారిలో మా ఊరి మైదానం దగ్గర నాయిన కారు ఆపి, దిగి, చుట్టూ తిరిగి వచ్చి అమ్మ వైపు తలుపు తీశాడు.

"పో, అటు కూసో."

వెనక సీట్లో అవ్వా నేనూ దేవుళ్లకు దండాలు మొదలుపెట్టాం. కారు పదకొండు సార్లు ఆగిపోయాక మానేశాం. నాయిన పక్క సీట్లో హ్యాండిల్ పట్టుకుని, బస్సులో ఉన్నట్టే, గుంత వస్తే "హోల్డాన్!" అని, గుంత దాటితే "రైట్, రైట్" అని అరుస్తూనే ఉన్నాడు. రెండు వారాలు అదే పాట. క్రాసింగ్ మొదలయ్యేసరికి అమ్మ నలుగురు కూలీ అక్కలను ఎక్కించుకుని, డిక్కీలో జొన్నరొట్టెలు, పల్లీల కారం పెట్టుకుని, మంచు ఆరకముందే చేనుకు చేరేది. ఆ యేడు మా చేనులో ఎదురుచూసి ముడుచుకున్న పువ్వు లేదు.

అవ్వ ఇప్పుడు లేదు. బొంత చివికిపోయింది. గద్వాలలోని ఆ షెడ్డు ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. బాలింత పథ్యం మనుషులకే సరిగా జరగడం లేదు, కార్లకు ఎవరు చేస్తారు? మా ఊళ్లో మాత్రం ఇప్పుడు పొద్దున్నే చేలకు పోయే కార్లలో నాలుగు కార్లకు ఆడవాళ్లే స్టీరింగ్ పడుతున్నారు, అందులో ముగ్గురికి నేర్పింది అమ్మే. మొన్న సర్వీసు నుంచి నా కారు తెచ్చిన సాయంత్రం ఆమె వనపర్తి వచ్చి, నన్ను అడగకుండానే తాళం తీసుకుని పాన్‌గల్ చిన్నమ్మను చూసొచ్చింది. ఈసారి ప్రేమ నిజమే.

"పాత ఆయిల్ ఏ రంగుండె?" అంది దిగుతూ.

"చూడలే అమ్మా. అయిపోయిందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది."

ఆమె నన్ను జాలిగా చూసి బానెట్ ఎత్తింది. ఇంటి ముందు ఏటవాలులో నిలబడి పాత గుడ్డతో ఆయిల్ పుల్ల తుడుస్తున్న ఆమెను చూస్తుంటే నాకు గుండె నిండిపోయి, జీవితంలో మొదటిసారి ఒక గంభీరమైన మాట చెబుదామని నోరు తెరిచాను.

"ఏందే, మీ ఇంటి ముంగట గిట్ల వాలుంటె ఎట్ల తెలుస్తది?" అంది అమ్మ.

కాబట్టి ఈ మహాకావ్యం నీతి ఇంతే: ఆయిల్ మట్టం చూడాలంటే బండి చదును నేల మీద ఉండాలి, ఇంజన్ ఆపాక ఒక పది నిమిషాలు ఆగాలి.