ఓవెన్‌లో గిన్నెలు

మొన్న గురువారం పొద్దున మా ఊరి కాఫీ షాపులో, ఎప్పుడూ కూర్చునే కిటికీ పక్క టేబుల్ దగ్గరే, క్యారెట్ కేక్ ముక్క ముందు పెట్టుకుని కూర్చున్నాను. మా ఊరంటే హెర్న్‌డన్. నలభై ఏళ్ళు దాటింది దేశం వదిలి ఇక్కడికొచ్చి, అందుకని మా ఊరనే అంటాను, ఎవరేమనుకున్నా సరే. పక్క టేబుల్ దగ్గర మన తెలుగు పిల్లలే, కొత్తగా పెళ్ళయినట్టున్నారు, ఒక బ్రౌనీని ఇద్దరూ పంచుకుని తింటున్నారు. ఇంటికెళ్ళగానే పిజ్జా బేక్ చేసేస్తానని అతను అన్నాడో లేదో, ఆ అమ్మాయి అందుకుంది: "ముందు ఓవెన్‌లో గిన్నెలు తియ్యి మహానుభావా! పోయినసారి కుక్కర్ హ్యాండిల్ కరిగించావు, గుర్తుందా?"

నాకు ఒక్కసారిగా నవ్వు ముంచుకొచ్చి పొలమారింది. దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ, విన్నావా అన్నట్టు ఎదురు కుర్చీకేసి చూశాను. కుర్చీలో నా కోటు ఉంది. "అంకుల్, ఆర్ యూ ఓకే?" అని ఆ పిల్ల మంచినీళ్ళ గ్లాసు జరిపింది. ఏం లేదమ్మా అన్నాను. ఎందుకు నవ్వానో చెప్పాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో నాకే తెలియలేదు.

ఇద్దరం రిటైరయ్యాక మా ఆవిడా నేనూ ప్రతి గురువారం ఇక్కడికే వచ్చేవాళ్ళం. తనకంటూ ఏమీ ఆర్డర్ చేసేది కాదు. నాకొద్దండీ, మీరు తినండి అంటుంది, అని నా ప్లేటు తనవైపు లాక్కుని సగం తినేస్తుంది. తింటూ తీర్పులు చెబుతుంది: ఇందులో పంచదార ఎక్కువైంది, ఆ నిమ్మకాయ కేక్ తింటే అజీర్తే, దీంట్లో రెండు యాలకులు దంచి వేసుంటేనా! ఏ కేక్ చూసినా యాలకుల దగ్గరికే వచ్చేది. నీ ముక్క నువ్వు తెచ్చుకోరాదూ అని ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఇప్పుడు ముక్క మొత్తం నాదే, కానీ సగం దాటి తినలేను.

ఇక ఓవెన్ సంగతి. నా ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు గాని, మేము కాపురం పెట్టిన అపార్ట్‌మెంట్ వంటింట్లో అలమరలు మూడే ఉండేవి, అందులో ఒకదాని తలుపు రాదు. ఓవెన్ మాత్రం ఇంత నోరు తెరుచుకుని ఉండేది. మనకి అన్నం, కూర, చారు, పెరుగు. దానితో ఏం పని? వచ్చిన మొదటిరోజే మా ఆవిడ సూట్‌కేసులోంచి కుక్కరూ, మూకుడూ, ఇడ్లీ రేకులూ, గిన్నెలూ తీసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, అన్నిటినీ ఆ ఓవెన్‌లో సర్దేసింది. మా ఇల్లొక్కటే కాదు, ఆ రోజుల్లో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా వంటింట్లో ఓవెన్ తలుపు తీసిన చప్పుడు, వెనకే గిన్నెల గలగల వినిపించేవి, అదిగో పూరీలు వేస్తున్నారని హాల్లో మగవాళ్ళం సర్దుక్కూర్చునేవాళ్ళం. పైగా అది గ్యాస్ ఓవెన్, అడుగున చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూ ఉండేది. ఆ గోరువెచ్చదనానికి చలికాలంలో పెరుగు చక్కగా తోడుకునేదని, అప్పడాలూ వడియాలూ మెత్తబడవని మా ఆవిడ కనిపెట్టింది. నేను కెమికల్ ఇంజినీరుని, నాకు తట్టలేదు ఆ సంగతి.

మా అమ్మాయికి ఏడో పుట్టినరోజు వచ్చింది. అంతవరకూ అది అందరిళ్ళకీ పార్టీలకి వెళ్ళొచ్చేదే గాని మా ఇంటికి ఎవర్నీ పిలిచేది కాదు. పోపు వాసన వస్తుందని సిగ్గు. ఆ ఏడు ఏమనుకుందో, ఐదుగురు పిల్లల్ని పిలిచేసి, కేక్ మా ఇంట్లోనే చేస్తారని కూడా చెప్పేసి వచ్చింది. మా ఆవిడకి ఆ శనివారం హాస్పిటల్ ల్యాబ్‌లో డ్యూటీ. కొనేద్దాం లెండి, మీకెందుకీ శ్రమ అంది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఫ్యాక్టరీలో నిలువెత్తు కొలుములు నడిపేవాణ్ణి, పిండీ గుడ్లూ కలిపి కాల్చడం నాకో లెక్కా?

మైదా సంచి వెనక రాసిన పద్ధతి చదివాను. ముందు ఓవెన్‌ని మూడువందల యాభై డిగ్రీలకి వేడి చేసుకోండి అని మొదటి మాట. రాసింది రాసినట్టు మీట తిప్పి, పిండి కలపడంలో పడ్డాను. లోపల ఏమున్నాయో చూడాలన్న ఆలోచన ఏ కోశానా లేదు. కాసేపటికి ఏదో మాడు కంపు, ఆపైన నల్లటి పొగ, ఆపైన అలారం మోత. మూడంతస్తుల వాళ్ళూ బయట పచ్చిక మీదికి చేరారు. ఫైరింజన్ వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆ ఐదుగురు పిల్లలూ బహుమతులు పట్టుకుని కార్లు దిగారు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది, ఏడవడానికి సిద్ధంగా.

దేవుడి దయ, కింది వాటాలో ఉన్న పెద్దావిడ నేను కలిపిన పిండి తీసుకెళ్ళి తన ఓవెన్‌లో కాల్చి పెట్టింది. పిల్లలకి ఫైరింజన్ ఎక్కి కూర్చోవడంతో కేక్ ధ్యాసే లేదు. అలాంటి పార్టీ మళ్ళీ ఎప్పుడు చేస్తారని నెలల తరబడి అడిగారట. మా అమ్మాయి స్కూల్లో ఒక్కరోజులో గొప్పదైపోయింది.

కానీ మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి మాడిన ఓవెన్ చూసింది. అందరూ వెళ్ళాక వంటింట్లో కింద కూర్చుని, ఇడ్లీ రేకులకి అంటుకుపోయిన నల్లటి ముద్దని కత్తితో గీకుతోంది. అది ఒక ఐస్‌క్రీమ్ డబ్బా, ప్లాస్టిక్‌ది. అందులో గుమ్మడి వడియాలు దాచింది. వడియాలే కదా, మీ ఊరికి ఉత్తరం రాస్తే ఎవరో ఒకరు పంపుతారులే అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

"అమ్మ పెట్టినవండీ. అవే ఆఖరివి," అంది.

మా అత్తగారు ఆ ఏడు మొదట్లోనే పోయారు. మా వీసా కాగితాలు మధ్యలో ఉండి, దేశం దాటితే మళ్ళీ రానిస్తారో లేదోనని మా ఆవిడ వెళ్ళలేకపోయింది. ఆ వడియాలు ఎప్పుడో తినేశామనే నేననుకున్నాను. మరి ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు, వేయించుకు తినాల్సింది కదా అని, తెలివితక్కువగా, అదీ అడిగాను. ఆవిడ తలెత్తకుండా, "తినేస్తే అయిపోతాయి కదా," అంది.

ఆ తరవాత మా ఇంట్లో ఒక్కటే చట్టం: ఓవెన్ మీట ముట్టుకునేముందు తలుపు తీసి చూడాలి. నేనైతే అసలు ముట్టుకోనేలేదు. పట్టుదల కొద్దీ మా ఆవిడే కేకులు నేర్చుకుంది. పుట్టినరోజు వస్తే గిన్నెలన్నీ తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచేది, యాలకులు వేసి కేక్ చేసేది, ఓవెన్ చల్లారగానే మళ్ళీ అన్నీ లోపల సర్దేసేది. సొంత ఇల్లు కొన్నాక అలమరలు లెక్కలేనన్ని ఉన్నా గిన్నెల చోటు మాత్రం మారలేదు. వడియాలు కూడా తనే పెట్టడం మొదలుపెట్టింది, ఎండాకాలంలో ఇంటి వెనక చెక్క డెక్ మీద పాత చీర పరిచి. ఉడతల్ని తోలడం నా ఉద్యోగం. వడియాల డబ్బా మాత్రం స్టీలుది.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో నేను ఓవెన్ తలుపు తియ్యలేదు. మైక్రోవేవ్ చాలు నా బతుక్కి. పోయిన నెల కాలిఫోర్నియాలోని డబ్లిన్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, తన కూతురి పదో పుట్టినరోజుకి ఇక్కడికే వస్తామంది. మనవరాలు ఫోన్ లాక్కుని, "అమ్మమ్మ లేదు కదా తాతా, సో నువ్వే బేక్ చెయ్యాలి, ప్రామిస్?" అంది. ప్రామిస్ అనేశాను.

వాళ్ళొచ్చే రోజు పొద్దున, చట్టప్రకారం, తలుపు తీసి చూశాను. అన్నీ ఉన్నాయి. ఆఖరిసారి హాస్పిటల్‌కి వెళ్ళేముందు ఆవిడ సర్దినవి సర్దినట్టే, ఒకదాంట్లో ఒకటి, మూకుడు బోర్లించి, ఇడ్లీ రేకులు పక్కన నిలబెట్టి, వెనక మూలగా స్టీలు డబ్బా. అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుండిపోయాను. చాలాసేపు ఏడ్చాను, దాపరికం ఎందుకు. తరవాత లేచి, మనవరాలికి మాటిచ్చాను కనుక, ఒక్కొక్కటీ తీసి టేబుల్ మీద పెట్టి కేక్ చేశాను. మధ్యలో గుంట పడింది. యాలకులు మాత్రం ఆవిడ లెక్క ప్రకారమే, దండిగా వేశాను.

స్టీలు డబ్బాలో అడుగున గుమ్మడి వడియాలున్నాయి. మా అమ్మాయి మూత తీసి వాసన చూసి, టక్కున మూసేసి, "వద్దు నాన్నా, ఉంచుకుందాం," అంది. దాచుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. మూకుడు పొయ్యి మీద పెట్టించి మొత్తం వేయించమన్నాను. పప్పన్నంలోకి వేసుకుని కరకరలాడించుకుంటూ తిన్నాం. మనవరాలు, "తాతా, ఇవి ఏం చిప్స్?" అంటూ ఒకటి కేక్ మీది క్రీములో ముంచుకుని కూడా తింది. అమ్మమ్మ చూసుంటే నెత్తి మీద మొట్టేదని మా అమ్మాయి అంటే ముగ్గురం నవ్వాం. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళని ఎయిర్‌పోర్ట్‌లో దింపి వచ్చాను.

వెళ్ళేముందు మా అమ్మాయి, కేబినెట్స్ అన్నీ ఖాళీగా ఉన్నాయి కదా నాన్నా, గిన్నెలు వాటిల్లో పెట్టేద్దామా అంది. ముట్టుకోవద్దన్నాను, కొంచెం గట్టిగానే. తీసేముందు ఫోన్‌లో ఒక పిక్ తీసుకోవాల్సింది తాతా అంది మనవరాలు. నిజమే. ఈ కాలం పిల్లలకి తట్టేది మాకు తట్టదు. మా కాలంలో ఇంట్లో ఏది ఎక్కడుంటుందో తెలిసిన మనిషి ఒకరుండేవారు, అడిగితే చెప్పేవారు, అడక్కపోయినా చెప్పేవారు, ఇక ఫోటో ఎందుకు?

అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే కాఫీ తాగి గిన్నెలు సర్దడం మొదలుపెడతాను. ఏ గిన్నెలో ఏ గిన్నె పెట్టేదో, కుక్కర్ ముందా మూకుడు ముందా, ఎంత గింజుకున్నా గుర్తు రాదు. అదే ఓవెన్, అవే గిన్నెలు. మొన్న మూకుడు మిగిలింది. నిన్న చారు గిన్నె. ఇవాళ ఖాళీ అయిన ఆ స్టీలు డబ్బా. ఎలా సర్దినా ఏదో ఒకటి పట్టక బయటే మిగిలిపోతోంది.