తనంతట తానే లేచిన మర

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు. నిజమే. ముఖ్యంగా టైము వృథా అవుతుంటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ మంటతోనే ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లుకు నేనొక ప్రోగ్రాం రాశాను. మిషన్లు ఆగిపోతే మనిషి అవసరం లేకుండా వాటంతట అవే మళ్ళీ మొదలవ్వాలి, అదీ దాని పని. ఆ పని అది తు.చ. తప్పకుండా చేసింది. అందువల్ల ఒక ఆడమనిషికి కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది.

మాది ఎమ్మిగనూరు. పొద్దున్నే బస్సెక్కి ఆదోని పోయి, మిల్లులో మోటార్లనూ కంప్యూటర్‌నూ చూసుకునేవాణ్ణి. పత్తి లోపలికి వస్తుంది, మిషన్లు దూదినీ గింజలనూ వేరుచేస్తాయి, గింజలు కిందికి రాలుతాయి. రాలిన గింజల్ని గోడౌనుకు తోసుకుపోవడానికి నేలలో తవ్విన పొడవాటి కాలువ, అందులో తిరిగే ఇనుప మర ఉండేవి. గింజల మర అనేవాళ్ళు దాన్ని. వానలో తడిసిన పత్తి వచ్చిన రోజు ఆ మరలో పీచు ముద్దకట్టి ఇరుక్కునేది. మోటారు మీద భారం పడి స్విచ్చి పడిపోయేది. మర ఆగిందంటే వెనకాల మిషన్ల వరసంతా ఆగాల్సిందే.

అప్పుడు జరిగే తతంగం చూస్తే నాకు ఒళ్ళు మండేది. స్విచ్చిల గదిలో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న పెద్దాయన ఒకడు ఉండేవాడు. ఆయన బీడీ ఆర్పి, తీరిగ్గా లేచి, కాలువ దాకా నడిచి వచ్చేవాడు. అప్పటికే ఆడవాళ్ళు మూత తీసి, చేతులు లోపల పెట్టి, ముద్దల్ని పీకేస్తుండేవాళ్ళు. పీకడం అయ్యాక ఆయన, "చేతులు సూపియ్యండమ్మా, మర ఇడుస్తాండా" అనేవాడు. ఒక్కొక్కరూ రెండు చేతులూ పైకెత్తి, "ఆ" అనాలి. అందరూ అనేదాకా ఆయన కదిలేవాడు కాదు. ఎవరైనా నీళ్ళకు పోయి ఉంటే తిట్టుకుంటూ నిలబడేవాడే గానీ స్విచ్చి వెయ్యడు.

ఆ ఆడవాళ్ళలో హాలహర్వి అవతలి పల్లె నుంచి వచ్చే ఆమె ఒకతె. చీర మీద మొగుడి పాత పొడుగు చేతుల చొక్కా తొడుక్కునేది. ఎంత గట్టి ముద్దయినా ఆమె చెయ్యి పడితే వచ్చేది. నేను గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతుంటే నవ్వేది. "ఈ సారుకు శానా తొందర. పెండ్లిలో తాళి కట్టకముందే బువ్వకు కూసునింటాడు" అనేది. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. నాకు నవ్వు వచ్చేది కాదు.

సెల్‌ఫోనులో లెక్కపెట్టాను. మర ఒకసారి ఆగితే ఏడు నిమిషాలు, ఇంకోసారి పదకొండు. యజమానికి చూపించాను. ఆయన, "నీ చేతనైతే చెయ్యప్పా" అన్నాడు. నా చేతనయింది.

రాసింది చాలా తేలిక. మర ఆగితే పది సెకన్లు ఆగు. మళ్ళీ తిప్పు. మళ్ళీ ఆగితే ఇంకో పది సెకన్లు ఆగి తిప్పు. అలా మూడుసార్లు. అప్పటికీ తిరగకపోతే గంట కొట్టి మనిషిని పిలువు. ఎందుకు మూడు అని నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పడానికేమీ లేదు. నేను చూసిన ప్రోగ్రాములన్నిటిలో మూడే రాసి ఉండేది, నేనూ మూడే రాశాను.

పెద్దాయనకు ఇది నచ్చలేదు.

"నిలబడిన మిషను ఊరికే నిలబడదప్పా. ఏమాయనో పోయి సూడల్ల" అన్నాడు.

"సూసేకి పోయే గదా పదకొండు నిమిషాలు పోతాండేది" అన్నాను. "ఇంక మీరు కుర్చీలో నుంచి లేయాకండి. ఆగినా పట్టించుకోవద్దు. దానంతట అదే లేస్తుంది. గంట మోగితేనే రండి."

"సరేలే, సదువుకున్నోనివి" అన్నాడాయన. అంతకంటే ఒక్క మాట కూడా అనలేదు. ఆయన ఆ రోజు నాతో పోట్లాడి ఉంటే బాగుండేదని ఇప్పుడు ఆయన మీద కూడా కోపం వస్తుంది. ఎంత సిగ్గులేని కోపమో నాకు తెలుసు.

జాగ్రత్తలు తీసుకోలేదని కాదు. తిరగబోయే ముందు వెలిగి ఆరే ఎర్రబల్బు పెట్టించాను. నాలుగు రోజుల్లో దాన్ని దూది పీచు కప్పేసింది. ఒక బోర్డు కూడా రాయించాను. చొక్కా ఆమె దాన్ని చూసి, "ఏం రాసినారు సారూ?" అని అడిగింది.

"మర ఆగినా చెయ్యి పెట్టొద్దని."

"ఆగినప్పుడు పెట్టకపోతే ఇంగెప్పుడు పెట్టల్లప్పా, తిరిగేటప్పుడా?"

అందరూ మళ్ళీ నవ్వారు. నేను చిరాకుపడి, అది పది సెకన్లకు తిరుగుతుందని, దూరంగా ఉండమని కసిరి వచ్చేశాను. చిన్న చిన్న ముద్దల్ని మర రెండో తోపుకు తనే తోసేసేది. పెద్ద ముద్దలకు మాత్రం వాళ్ళే ఒక దారి కనిపెట్టారు. మర ఆగగానే మూత లేపి, ఒక్క ఊపున చెయ్యి పెట్టి, దొరికినంత పీకి, మర తిరిగేలోపు తీసేసేవాళ్ళు. పెద్దాయన కాలువ దాకా రాడు, గదిలో నుంచే స్విచ్చి వేస్తున్నాడని వాళ్ళు అనుకున్నారు కాబట్టి, పని ఆగకూడదు కాబట్టి. నేను ఒక మధ్యాహ్నం దూరం నుంచి దాన్ని కళ్ళారా చూశాను. చూసి ఊరుకున్నాను. వరస ఆగడం లేదు, యజమాని సంతోషంగా ఉన్నాడు, నాకు అంతే కావాలి. అరవాల్సిన చోట అరవని కోపం ఎందుకు, తగలెయ్యనా.

వాన పట్టి రెండు రోజులైంది. ఆ రోజు నేను సెలవు పెట్టి ఎమ్మిగనూరులోనే ఉన్నాను. పొద్దున తొమ్మిదిన్నర అయి ఉంటుంది. మంత్రాలయం దగ్గర బడిలో పంతులుగా చేసి రిటైరైన మా నాయన, నేను టిఫినుకు ఉగ్గాని, బజ్జీలు తింటున్నాం. ఫోను మోగింది. మిల్లులో ఏది ఆగినా, లేచినా నాకు మెసేజ్ వచ్చేట్టు పెట్టుకున్నాను.

"గింజల మర ఆగింది" అని ఉంది. ఫోను నాయనకు చూపించాను. "ఇప్పుడు సూడు నాయనా, పది లెక్కబెట్టు" అన్నాను. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "మర మళ్ళీ మొదలైంది" అని వచ్చింది.

"అబ్బో" అన్నాడు నాయన. "ఆడ ఎవురూ లేకుండానేనా?"

"ఎవురూ అక్కర్లేదు."

వెంటనే మళ్ళీ ఆగిందని వచ్చింది. మళ్ళీ మొదలైందని వచ్చింది. మళ్ళీ ఆగింది.

"ఎందుకు ఆగుతాందిరా అన్నిసార్లు?" అన్నాడు నాయన.

"తడి పత్తిలే. ఇంగొగసారి తోస్తుంది సూడు" అన్నాను. నాకు గర్వంగా ఉంది. ప్లేటులో ఇంకా రెండు బజ్జీలున్నాయి, ఒకటి నాయన వైపు జరిపాను. మర మూడోసారి మొదలైంది. అప్పుడూ ఆగింది. "మనిషిని పిలుస్తున్నాను" అని ఆఖరి మెసేజ్ వచ్చింది. దాని తర్వాత రెండు నిమిషాలకు మిల్లు నుంచి ఫోను వచ్చింది. అవతల ఎవరు మాట్లాడారో కూడా నాకు గుర్తు లేదు.

కర్నూలు ఆసుపత్రి నుంచి ఆమె ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు వాళ్ళ పల్లెకు పోయాను. ఎందుకు పోతున్నానో నాకు స్పష్టంగా తెలుసు. మిల్లంతా పెద్దాయనే గదిలో కూర్చుని స్విచ్చి వేశాడని అనుకుంటోంది. ఆయన పనికి రావడం మానేశాడు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. నిజానికి గంట మోగగానే పరిగెత్తుకొచ్చి, మెయిను లాగేసి, మరను చేత్తో వెనక్కు తిప్పి ఆమెను బయటికి తీసింది ఆయనే. అప్పటికే ఆమెకు స్పృహ లేదు.

ఆమె వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. చొక్కా లేదు. కుడివైపు కొంగు కప్పుకుంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. ఎట్లా జరిగిందని నేను అడగలేదు, ఆమే చెప్పింది.

"చొక్కా చెయ్యి సుట్టుకునె సారూ. రెండు వేళ్ళు ఇరుక్కునె. మర నిలబడిపాయ. అమ్మయ్య, ముసిలాయప్ప సూసి నిలబెట్టినాడు గదా, మెల్లిగ తీసుకుందామని ఎడమచేత్తో చొక్కా చించుతాంటి. అప్పటికి నా చెయ్యి బాగానే ఉండె." ఎడమచేత్తో కొంగు సర్దుకుంది. "మళ్ళా ఇడిసినాడు. నేను అరిసినా. మళ్ళా నిలబడె. ఇంగ ఇనపడిందిలే, వస్తాడు అనుకుంటి. మళ్ళా ఇడిసినాడు."

నేను నేల చూస్తున్నాను.

"ముప్పై ఏండ్లు మాతోనే పనిజేసిన మనిషి గదా సారూ. చెయ్యి సూపియ్యందే ఇడిసినోడు గాదు. నేనంత అరిస్తే ఇనపడకుండా ఉంటాదా? నేనేం అన్యాయం జేస్తి ఆయప్పకు?"

"ఆయన కాదక్కా" అన్నాను. "మర తిప్పింది నేను. మూడుసార్లూ నేనే."

ఆమె నా మొహంలోకి చూసింది. "నువ్వు ఆ పొద్దు యాడుంటివి?"

"ఎమ్మిగనూరులో. మా ఇంట్లో."

కంప్యూటర్ గురించి చెప్పాను. పది సెకన్ల గురించి, మూడుసార్ల గురించి, అది వినలేదని, దానికి చెవులు లేవని, రాసినవాణ్ణి నేనని అంతా చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"ఆడ లేని మనిషి ఎట్ల తిప్పుతాడప్పా" అంది చివరికి. "మనిషి అనేవాడు లేకుండా ఏ మిషనైనా మళ్ళా మళ్ళా పట్టి తిప్పుతాదా? ఆ ముసిలాయప్పను కాపాడేకి నీ మీద యేసుకుంటాండావు. నాకు తెలుసులే."

"కాదక్కా, నిజంగా నేనే."

"నువ్వు మంచోనివి సారూ" అంది. ఎడమచేత్తో నా భుజం తట్టి, లోపలున్న కోడలిని పిలిచి, సారు ఎండలో పడి వచ్చినాడు, మజ్జిగ తీసుకురమ్మని చెప్పింది.

కోడలు లోటా తెచ్చి ఇచ్చింది. నేను తాగి వచ్చాను.