పొగ లేని నీళ్లు

నన్ను ఇంట్లో ఉంచుకుని చదివించిన మా మేనత్త, స్నానానికి పిలిచేముందు కొంగుతో కళ్లు తుడుచుకునేది. అడవి నుంచి తెచ్చిన పచ్చికట్టెలు ఊదీ ఊదీ దగ్గుతూ, "రాండ్రి, నీళ్లు కాగినయ్" అనేది. ఆ దగ్గుకే మాకు తెల్లారేది. పొగ మానకపోతే ఊపిరి దక్కదని కొత్తగూడెం దవాఖానాలో గట్టిగా చెప్పాక, మామ డాబా మీద సోలార్ హీటర్ పెట్టించాడు.

"పొయ్యి ముట్టియ్యంది నీళ్లెట్ల కాగుతయ్?" అంటూనే అత్త మొదటిరోజు నల్లా కింద చెయ్యి పెట్టి, "అబ్బో, సుర్రుమన్నది!" అని వెనక్కి లాక్కుంది.

చలికాలం వెళ్లిపోతున్నా, పిలిచేముందు కళ్లు తుడుచుకోవడం మాత్రం మానలేదు.

"పొగే లేదు గదత్తా, ఇంకా ఆ తుడుసుకునుడేంది?" అన్నాను.

"తుడుసుకోకుంటే కాగినట్టే అనిపిస్తలేదు బిడ్డా" అని పెద్దగా నవ్వింది.

ఆ నవ్వు మధ్యలో ఎక్కడా దగ్గు రాలేదు.