భరిణె మూత కింద డిఫరెన్షియల్ లాకు

1957 జూన్ మొదటి వారంలో నన్ను నెల్లూరు వర్కుషాపు నుంచి ఆత్మకూరుకు బదిలీ చేశారు. హోదా రెండో తరగతి మెకానిక్. మెట్ట గ్రామాల్లో మంచినీళ్ళ బోర్లు వేసే సర్కారు దళానికి ఒక లారీ ఉండేది. బోరింగు యంత్రం దానిమీదే బిగించి ఉండేది. ఆ రెంటినీ కదిలే స్థితిలో ఉంచడం నా బాధ్యత. నా పైన ఒక సూపర్‌వైజరు గారు. బండి నడిపేది పెంచలయ్య. ఉద్యోగంలో నాకు సమానమే గాని, వయసులో పన్నెండేళ్ళు పెద్ద, యుద్ధకాలంలో మిలిటరీ లారీలు నడిపి వచ్చినవాడు.

ఆ లారీ విదేశంలో తయారైంది. డ్రైవరు సీటు పక్కన నేలమీద జానెడు లీవరు ఒకటి ఉండేది. దాన్ని వెనక్కి లాగితే వెనక ఇరుసులో డిఫరెన్షియల్ లాకు పడుతుంది. ఫ్యాక్టరీ నుంచే ఈ అమరికతో వచ్చిన బండిని ఆ చుట్టుపక్కల నేను మరొకటి చూడలేదు.

డిఫరెన్షియల్ అంటే ఏమిటో తెలియాలంటే కళ్ళంలో ఎద్దులను బంతి కట్టి నూర్చడం గుర్తు చేసుకుంటే చాలు. లోపలి ఎద్దు దాదాపు నిలబడ్డచోటే తిరుగుతుంది, బయటి ఎద్దు గబగబా నడవాలి. మలుపులో లారీ వెనక చక్రాల తీరు కూడా అంతే. రెండూ వేరువేరు వేగాలతో తిరగడానికి వీలు కల్పించే పళ్ళచక్రాల అమరికే డిఫరెన్షియల్. దానికి ఒక దుర్గుణం ఉంది. ఒక చక్రం ఇసుకలో జారితే అదే గిరగిరా తిరుగుతుంది, గట్టినేల మీద ఉన్న రెండోది ఉలకదు. లాకు వేస్తే రెండూ ఒక్కటిగా తిరిగి బండి బయటపడుతుంది. అయితే గట్టి రోడ్డు మీద లాకుతో మలుపు తిప్పకూడదు. చక్రాలు ఒకదానితో ఒకటి పెనుగులాడి బండిని తిన్నగా తోస్తాయి. ఇరుసు కూడా విరగవచ్చు.

ఇదంతా నాకు ఎవరూ చెప్పలేదు. నేను చదివింది ఎనిమిదో తరగతి. ఆత్మకూరు గ్రంథాలయంలో మోటారు యంత్రాల మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉండేది. నాకు ముందు దాన్ని ఇంటికి తీసుకుపోయినవారు లేరని అక్కడి ఉద్యోగి చెప్పాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు నెలలు చదివాను. లాకు అధ్యాయం కంఠతా వచ్చింది. ఆ విషయం పెంచలయ్యకు రోజుకు రెండుసార్లయినా తెలియజేసేవాణ్ణి.

“అయితే పుస్తకాన్నే స్టీరింగు ముందర కూర్చోబెట్టు మేస్త్రీ, నేను ఇంటికి పోతా” అనేవాడు.

సెప్టెంబరులో ఒకనాడు ఆత్మకూరు నుంచి ఉదయగిరికి వెళుతూ దారిలో ఏటి ఇసుక దాటడానికి పెంచలయ్య లాకు వేశాడు. దాటాక తియ్యడం మరిచాడు. ఆనాడు నేను బండిలో లేను. రోడ్డు మలుపుల్లో స్టీరింగు బరువుగా తోస్తే టైర్లలో గాలి తగ్గిందనుకున్నాడట. ఉదయగిరి బజారు మలుపులో స్టీరింగు ఎడమకు తిప్పాడు. లారీ మాత్రం తిన్నగా పోయి, చెక్క గరిటెలు చేసే మౌలా సాయిబు పందిట్లోకి తల దూర్చింది. మనిషికి ఏమీ కాలేదు. వారం రోజుల పని, గరిటెలూ దువ్వెనలూ, చక్రాల కింద నలిగింది.

“పొయ్యేదారి ఎటు, నువ్వు వచ్చేదారి ఎటు పెంచలయ్యా! గరిటె కావాలంటే దిగి అడగొచ్చు గదా?” అన్నాడట సాయిబు.

సూపర్‌వైజరు గారికి కోపం వచ్చింది. ఇరుసు విరిగితే సామాను సముద్రం దాటి రావాలి. లీవరుకు రక్షణ ఏర్పాటు చేసి, చేసిన విధానాన్ని రాతపూర్వకంగా సమర్పించమని నన్ను ఆదేశించారు. అంతకు ముందే పెంచలయ్య ఆ లీవరుకు తన సద్దిమూట తగిలించడం చూసి ఉన్నాను. కాబట్టి లాకు తీస్తే గాని మూత పడని విధంగా దాన్ని పూర్తిగా కప్పేయాలని నిశ్చయించి మౌలా సాయిబు దగ్గరికే వెళ్ళాను. కుంకుమ భరిణె మూత ఎలా కూర్చుంటుందో అలా, నేలకు బిగించిన చెక్క పీట మీద గట్టిగా కూర్చునే పొడవాటి మూత కావాలని చెప్పాను.

సాయిబు నా బొమ్మ చూసి, కొంచెం సందు వదలమంటావా అని అడిగాడు. వాన తగిలితే కొయ్య ఉబ్బుతుందన్నాడు. దుమ్ము చొరబడకూడదని పుస్తకంలో ఉంది, వెంట్రుక దూరే సందు కూడా వద్దన్నాను.

“సరే, నీ బండి, నీ పుస్తకం” అన్నాడు.

మూత అద్భుతంగా కుదిరింది. నున్నగా చెక్కి, నడుముకు రెండు గీతలు కూడా పెట్టాడు. నేను ఆరు పేజీల నివేదిక రాశాను. ఈ పద్ధతిని ఇలాంటి తక్కిన బండ్లకు కూడా వర్తింపజేయవచ్చునని చివరి వాక్యం. సూపర్‌వైజరు గారు దాన్ని నెల్లూరుకు పంపారు.

అక్టోబరు చివర ఉదయగిరి కొండకు పడమటనున్న ఒక పల్లెకు మా వంతు వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఆరు గంటలలోగా యంత్రం అక్కడికి చేరాలి. చేరకపోతే వంతు కలిగిరి వైపు పల్లెలకు పోతుంది, వీళ్ళు మళ్ళీ జాబితా అడుగుకు దిగుతారు. అప్పటికి రెండేళ్ళుగా వాళ్ళు ఎదురు చూస్తున్నారు.

గురువారం పట్టిన వాన శుక్రవారం మధ్యాహ్నం తెరపిచ్చింది. మేము పల్లెకు అరమైలు దూరంలో వాగు దాటుతుండగా కుడి వెనక చక్రం ఇసుకలో దిగి గిరగిరా తిరిగింది. ఎడమది రాతి మీద నిలబడి చూస్తూ ఉంది. నీళ్ళు చీలమండ లోతు. ఎగువన ఇంకా ఉరుముతోంది.

“ఇప్పుడు లాకు వెయ్యాల” అన్నాడు పెంచలయ్య.

నేను సంతోషంగా మూత పట్టుకుని లాగాను. రాలేదు. దారి పొడవునా బండి అడుగు నుంచి చిమ్మిన నీళ్ళకు పీటా మూతా రెండూ ఉబ్బి ఒకే మొద్దు అయిపోయాయి. ఇద్దరం చెరోవైపు దాన్ని కౌగిలించుకుని తిప్పాం. ఆముదం పోశాం. సబ్బు రుద్దాం. నున్నగా చెక్కిన కొయ్య కావడంతో పట్టు కూడా దొరకలేదు.

పెంచలయ్య సుత్తి తీశాడు. కొడితే లోపలి లీవరు వంగుతుందని అడ్డుపడ్డాను. అది నిజమే. అంతకంటే నిజం, ఆ మూత పేరుతో నా ఆరు పేజీలు నెల్లూరులో ఉన్నాయి.

“నువ్వే దాంట్లోకి దూరి లోపల్నుంచి తియ్యి మేస్త్రీ! పుస్తకంలో దానికీ దారి ఉంటాది” అని అరిచాడు.

ఈలోగా పల్లె జనం వచ్చారు. నాలుగు కాడెద్దులను కట్టి లాగితే మోకు తెగింది. వాళ్ళలో నాగమ్మవ్వ అనే ముసలామె, చంకలో కట్టెలమోపు, చేతిలో మచ్చుకత్తి, బండి మెట్టు దగ్గరికి వచ్చి లోపలికి చూసింది.

“రెండేండ్లుగా నీళ్ళు, నీళ్ళు అంటిరి. మీకంటే ముందు వానే వచ్చిందే! ఇంక మీరెందుకురా?” అంది. జనం నవ్వారు. ఆమె నవ్వలేదు. “ఈ నీళ్ళు పది దినాలు. తర్వాత మూడు మైళ్ళు కడవ మొయ్యాల. ఏంది నాయనా ఆ మొద్దును వాటేసుకోనుండావు?”

సంగతి చెప్పాను. చెక్కను ఒకసారి వేలితో తట్టి, కత్తి నా చేతికిచ్చింది.

“అడ్డంగా కొట్టబాక. నార ఎటు పోతా ఉండాదో అటే కత్తి పెట్టి తట్టు. పొయ్యిలోకి కట్టె చీల్చినోళ్ళు ఎవురూ లేరా మీ ఇంట్లో?”

కత్తిని మూత తలమీద నార వెంబడి ఆనించి సుత్తితో ఒకటి తట్టాను. మౌలా సాయిబు పనితనం రెండు చెక్కలై చెరోవైపు పడింది. లీవరు చెక్కుచెదరలేదు.

అక్కడే అసలు ప్రమాదం ఎదురైంది. పెంచలయ్య తొందరలో ఇంజను రొప్పిస్తూ, చక్రం తిరుగుతుండగానే లీవరు మీద చెయ్యి వేశాడు. లాకు పళ్ళు నిలకడగా ఉన్నప్పుడే కలవాలి, తిరుగుతుండగా వేస్తే నుగ్గవుతాయి. నేను అతని మీదుగా చెయ్యి చాచి ఇంజను ఆపేశాను. మిలిటరీలో నేర్చిన మాటలు కొన్ని అన్నాడు. చక్రం పూర్తిగా నిలిచాక లీవరు లాగించాను. సగంలోనే ఆగింది, పళ్ళకు పళ్ళు అడ్డుపడ్డాయి. జనాన్ని బండి కాస్త ముందుకు నెట్టమన్నాను. టక్కుమంది, లీవరు పూర్తిగా పడింది. స్టీరింగు తిన్నగా ఉంచి, మొదటి గేరులో మెల్లగా పోనిమ్మన్నాను. ఎడమ చక్రం రాతిని పట్టింది. లారీ గేదె లేచినట్టు లేచి గట్టెక్కింది.

గట్టు మీద లాకు ఊడలేదు. పెంచలయ్య నా వైపు చూశాడు. ఇరుసు బిగుసుకుని ఉంటుంది, తిన్నగా రెండు గజాలు వెనక్కి రమ్మన్నాను. వచ్చాడు. లీవరు తనంతట తాను ముందుకు దూకింది.

“ఇది పుస్తకంలోదేనా?” అన్నాడు.

నూట పద్నాలుగో పేజీ అన్నాను. సరేనని తల ఊపి, బండిని పల్లె దారి పట్టించాడు.

అయిదుంబావుకు యంత్రం పల్లె చేరింది. వంతు నిలిచింది. ఎనిమిదో రోజున నీళ్ళు పడ్డాయి. నాగమ్మవ్వ మొదటి గుక్క పుక్కిలించి ఉమ్మేసి, రెండోది మింగి, ఉప్పు లేదంది.

ఆత్మకూరు చేరాక సూపర్‌వైజరు గారు నెల్లూరు నుంచి వచ్చిన ఉత్తరం చూపించారు. నా మూతను మెచ్చుకుని, ఇతర జిల్లాల్లో ఉన్న ఇలాంటి మరో నాలుగు బండ్లకు చేయించమన్నారు. నేను వారి ముందే కూర్చుని, మూతను రద్దు చేయవలసిందని నాలుగు వాక్యాలు రాసిచ్చాను. కారణం కూడా రాయమన్నారు, రాశాను. ఆ నాలుగు వాక్యాలకు ఆరు పేజీలకంటే ఎక్కువ సమయం పట్టింది.

తరువాత మేము చేసింది చాలా సాదా పని. లీవరు పక్కన తెల్లరంగుతో రెండు గీతలు గీశాం, ఒకటి వేసిన స్థానానికి, ఒకటి తీసిన స్థానానికి. ప్రతి సోమవారం ఏటి ఇసుకలో పెంచలయ్య చేత ఒకసారి వేయించి తీయించేవాణ్ణి, ఎందుకంటే వాడని లాకు తుప్పుకే బిగుసుకుంటుంది. రిటైరయ్యేదాకా నా చేతికి వచ్చిన ప్రతి కొత్త అమరిక విషయంలో ఇదే పాటించాను. దాన్ని ఎలా కాపాడాలో రాయబోయే ముందు, బురదలో దిగి, తడిచేతులతో ఒకసారి వాడి చూసేవాణ్ణి.