బామ్మ ఇప్పించిన మూడు రోజులు

నా చిన్నప్పుడు నేను కాకికి భయపడినంతగా ఇంకే జీవికీ భయపడలేదు. నెలకోసారి మా అమ్మని కాకి ముట్టుకునేది. పిల్లలకి అలాగే చెప్పేవారు. ఆ మూడు రోజులూ అమ్మ పెరటివైపు చిన్న గదిలో తన చాప, తన కంచం, తన చెంబుతో విడిగా ఉండేది. మేము దగ్గరికి వెళ్ళకూడదు. వంట మా బామ్మ చేసేది. డెబ్బైల మొదట్లో విజయవాడ సత్యనారాయణపురంలో మాలాంటి ఇళ్ళల్లో ఇది మామూలే. కన్నతల్లిని ముట్టుకోవద్దని చెప్పే ఆచారం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కాకపోతే ఇంటెడు మందికి వండి వార్చే మా అమ్మ నడుం వాల్చేది ఆ మూడు రోజులే.

నాకు పదకొండేళ్ళు వచ్చేసరికి ఆ కాకి రావడం మానేసింది. నేను గమనించలేదు. నెల పొడుగునా అమ్మే వంటింట్లో ఉంటుంటే ఇంట్లో అందరికీ సుఖంగానే ఉంది కాబట్టి ఎవరూ గమనించలేదు. సుఖం లేనిది అమ్మకే. మా ఊరి ఎండల్లో ఎవరికి చెమట పట్టినా వింత కాదు గనక వేసవంతా గడిచిపోయింది. ధనుర్మాసం చలిలో కూడా అమ్మ పొయ్యి దగ్గర్నుంచి ఉన్నట్టుండి లేచి వెళ్ళి, నూతి దగ్గర మొహం మీద నీళ్ళు కొట్టుకునేది. నిద్ర పట్టడం లేదనేది. గట్టిగా మాట్లాడటం ఎరగని మనిషి చీటికీ మాటికీ కసురుకునేది, ఆ తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది.

ఒకరోజు భోజనాల దగ్గర మా నాన్నగారు చారులో ఉప్పు తగ్గిందన్నారు. రోజూ ఏదో ఒకదానికి ఆయన ఏదో ఒకటి అనేవారే. అమ్మ చారుగిన్నె తీసుకెళ్ళి పెరట్లో పారబోసి వచ్చి, ఏమీ జరగనట్టు మజ్జిగ వడ్డించింది. అందరం నోళ్ళు తెరుచుకుని చూశాం.

అప్పుడు గుడివాడ నుంచి మా చిన్న మేనత్త వచ్చి ఉంది. ఆ సాయంత్రం వసారాలో నాన్నగారితో, "వదిన బుర్ర సరిగ్గా లేదన్నయ్యా. మైలవరంలో వాళ్ళన్నయ్య దగ్గర కొన్నాళ్ళు దింపేసి రా. కుదుటపడ్డాక తెచ్చుకుందువుగాని" అంది. నాన్నగారు చెడ్డవారు కారు. ఏం చేయాలో పాలుపోక, ఆదివారం తీసుకెళ్తానన్నారు. మా వీధిలో ఒకావిడని ఇలాగే పుట్టింట్లో దింపేశారు. ఆవిడ మళ్ళీ రాలేదు. అమ్మ కూడా ఆ మాటలు విన్నది. ఎవరూ చెప్పకుండానే ట్రంకుపెట్టెలో చీరలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

మా బామ్మ మడి గురించి వీధంతా చెప్పుకునేవారు. ఆరేసిన బట్టకి మా చెయ్యి తగిలితే మళ్ళీ తడిపి ఆరేసే మనిషి. మర్నాడు పొద్దున్నే ఆవిడ హాలు మధ్యలో నిలబడి, "కోడలు బయట చేరింది. ఈ మూడు రోజులూ దాన్ని ఎవరూ పిలవొద్దు, కదపొద్దు. ప్రయాణాలూ గియాణాలూ ఏమీ లేవు" అని ప్రకటించింది. నాన్నగారు గబగబా పేపరు వెనక్కి వెళ్ళిపోయారు. అమ్మ మాత్రం అత్తగారి వంక అయోమయంగా చూసింది.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే నేను ఆ చిన్న గదిలోకి తొంగి చూశాను. బామ్మ మడిచీరతోనే అమ్మ చాప మీద కూర్చుని ఉంది. అమ్మ తల ఆవిడ ఒళ్ళో ఉంది. ఒక చేత్తో తడిగుడ్డతో మొహం తుడుస్తూ, రెండో చేత్తో విసనకర్రతో విసురుతోంది. నేను హడలిపోయాను.

"బామ్మా, అమ్మని ముట్టుకున్నావు!"

"అరవకే తల్లీ. తలుపేసి ఇటొచ్చి కూర్చో."

కాకి సంగతి నాకు అసలు అర్థమైంది ఆ చాప మీదే. అమ్మకి నెలసరి ఆగిపోయి ఏడాది కావస్తోందట. అది ఆగే ముందూ ఆగిన తర్వాతా కొన్నేళ్ళు ఒళ్ళు మన మాట వినదని బామ్మ చెప్పింది. లోపల్నించి ఆవిర్లు తన్నుకొస్తాయి, నిద్ర రాదు, కీళ్ళు లాగుతాయి, కారణం లేకుండా కోపం, కారణం లేకుండా ఏడుపు. పిచ్చి కాదు, మెల్లిగా సర్దుకుంటుంది. బామ్మకి అలా అయినప్పుడు వాళ్ళత్తగారు ఇక రోజూ వంట నువ్వే చేయొచ్చని సంబరపడిందట. "ఒక్కరైనా కాసేపు పడుకోవే అంటారేమోనని చూసేదాన్ని. ఎవరూ అనలేదు" అంది. ఆ మాట అంటున్నప్పుడు విసనకర్ర ఆగిపోయింది.

"నాన్నగారికి ఆ మాటే చెప్పొచ్చుగా?" అన్నాను.

"అది చెప్తే వంద అడుగుతాడు. ఇదైతే ఒక్కటీ అడగడు."

అమ్మ పకపకా నవ్వింది. ఎన్ని నెలలైందో ఆ నవ్వు విని! నవ్వుతూనే ఏడ్చేసింది. మడి మాటేమిటని నేను గుర్తుచేస్తే, స్నానం చేస్తాలే, దేవుడికి నేను చెప్పుకుంటాలే అని బామ్మ నన్ను కసిరింది.

మైలవరం ప్రయాణం ఆగిపోయింది. మేనత్త గుడివాడ వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలాకాలం బామ్మ ప్రతి నెలా, అనుమానం రాకుండా రోజులు చూసుకుని మరీ, అమ్మని ఆ గదిలోకి పంపేది. డెబ్బై దాటిన మోకాళ్ళతో తను వండేది. నేను వెళ్ళి అమ్మ పక్కన పడుకునేదాన్ని. ఒక నెల బామ్మ ప్రకటన మొదలుపెట్టబోతుంటే అమ్మ ఆవిడ చేతిలోని గరిటె అందుకుని, "ఇక చాలు అత్తయ్యగారూ. ఈ మూడు రోజులూ మీరు పడుకోండి" అంది. అమ్మ మాకు పూర్తిగా తిరిగొచ్చిందని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

నాకు ఆ వయసు వచ్చేనాటికి బామ్మ లేదు. నేను ఏ గదిలోకీ వెళ్ళలేదు. భోజనాల దగ్గర మా ఆయనకీ, మగపిల్లలిద్దరికీ నాకేమవుతోందో ఉన్నదున్నట్టు చెప్పాను. వాళ్ళు తెల్లబోయారు గానీ, వినకుండా మాత్రం లేచిపోలేదు. బామ్మ ఆ రోజు అంత ధైర్యంగా అబద్ధమాడి ఉండకపోతే ఈ నిజం చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు. ఆ రుణం ఆవిడకి తీర్చలేను.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. మా ఇంట్లో నడివయసు ఆడమనిషి ఎవరైనా, కోడలి అక్కగారు కానివ్వండి, పనికి వచ్చే ఆవిడ కానివ్వండి, ఉన్నట్టుండి కసురుకుంటే ఏమైందని అడగను. చేతిలో పని తీసుకుని, కాసేపు పడుకోమంటాను.